జీపు మీద ఇంకొకరి కన్ను

మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో జీపు ఫ్లోరు మీద ఇలా పొడిచాడో లేదో, అది పిడి దాకా దిగి అవతల తేలింది.

"సార్, మీరు కొన్నది జీపా, జల్లెడా?" అన్నాడు మెకానిక్.

సర్వేయరు నోరు తెరిచేలోపే, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఆయన భార్య అందుకుంది. "మొన్నటి నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా! నా మాట వినేదెవరు ఈ ఇంట్లో?"

"పైపైన తుప్పేనోయ్. గోకి రంగేస్తే పోతుంది" అన్నాడు సర్వేయరు నీళ్ళు నములుతూ.

మెకానిక్ చిల్లు అంచు పట్టుకుని కాస్త లాగాడు. సాసరంత రేకు ముక్క ఊడి చేతికొచ్చింది. ఆ కంతలోంచి కింద గచ్చు మీద పోతున్న చీమలు కూడా కనిపించాయి.

"ఊఁ, గోకండి మరి" అంది భార్య.

సర్వేయరు ఉద్యోగమంతా ఆఫీసు జీపు వెనక సీట్లో, మోకాళ్ళ మధ్య కొలతల స్టాండు ఇరికించుకుని కొండలూ గుట్టలూ తిరిగినవాడు. స్టీరింగు ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే. రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ జీపు ఇది. నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగి తెచ్చేయమన్నాడు అమ్మినవాడు. ఆ గడువు ఈ సాయంత్రం ఐదింటికి తీరిపోతుంది.

"బాగుచెయ్యాలంటే?" ఆశగా అడిగాడు.

మెకానిక్ కిందికి దూరి ఛాసిస్ మీద సుత్తితో నాలుగు చోట్ల కొట్టి చూశాడు. ఖంగున మోగింది. "ఛాసిస్ గట్టిగా ఉంది సార్. ఇంజనూ మంచిదే. ఫ్లోరు మొత్తం కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాలి. తలుపుల్ని కింద తుప్పు తినేసింది. నెల రోజుల పని. ఉంచుకుంటారో, ఇచ్చేస్తారో మీరూ మీరూ తేల్చుకోండి. మధ్యలో నేనెందుకు?" అంటూ చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

తేల్చుకోవడానికి ఏముంది? భార్య అప్పటికే ఫోనందుకుని వాళ్ళ అన్నయ్యకి చెప్పేసింది. "సాయంత్రానికల్లా ఆ తుక్కు తిరిగిచ్చేస్తున్నాం అన్నయ్యా. ఇది నా మాట!" ఆవిడ ఒకసారి మాటంటే ఇక అంతే. పెళ్ళయిన నాటి నుంచీ వెనక్కి తీసుకున్న మాట ఒక్కటంటే ఒక్కటి లేదు.

మధ్యాహ్నం సర్వేయరుకి అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని కిటికీలోంచి జీపునే చూశాడు. అప్పుడు తట్టింది ఉపాయం. దుకాణంలో ఏ వస్తువునైనా ఈవిడ వద్దని పక్కన పడేస్తుంది. కానీ దాని మీద ఇంకొకరెవరైనా చెయ్యి వేశారా, ఇక అది ప్రపంచంలోకెల్లా గొప్ప వస్తువు.

చెయ్యి కడుక్కుని, పెరట్లో నీళ్ళ ట్యాంకు చాటుకెళ్ళి, జీపు అమ్మినవాడికి ఫోన్ చేశాడు. "నాలుగింటికి వస్తున్నాం. మా ఆవిడ ముందు జీపు సంతోషంగా వెనక్కి తీసుకో. ఎవరో డాక్టరు దానికోసం కాచుక్కూర్చున్నాడని చెప్పు. మిగతాది ఆవిడే చూసుకుంటుంది."

అటువైపు నుంచి నవ్వు ఆపుకుంటున్నట్టు ఒక దగ్గు వినబడింది. తర్వాత "అలాగే సార్" అని వినిపించింది.

దారి పొడుగునా భార్య కాళ్ళు రెండూ సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది. కంతలోంచి రోడ్డు పరిగెత్తుతోంది. "ఇందులో తిరిగితే చెప్పుల జత నెలకొకటి కావాలి" అని సణిగింది.

షెడ్డు ముందు ఆగగానే అమ్మినవాడు మొహం చేటంత చేసుకుని ఎదురొచ్చాడు. "తిరిగిస్తున్నారా? రక్షించారు మేడమ్! ఒక ఎస్టేట్ ఆయన ఈ జీపే కావాలని నా ప్రాణం తీస్తున్నాడు. ఐదున్నరకి వచ్చి పట్టుకుపోతానన్నాడు."

డాక్టరు కాస్తా ఎస్టేట్ ఆయనయ్యాడేమిటని సర్వేయరు అనుకున్నాడు గానీ, పోనీ, ఎవరైతేనేం!

భార్య తాళాలు ఇవ్వబోయి ఆగింది. "ఎస్టేట్ ఆయనా? తుప్పని తెలిసేనా?"

"తెలిసే మేడమ్. ఛాసిస్ ఇంత గట్టిది ఈ రోజుల్లో దొరకదంటున్నాడు."

ఆవిడ జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. బానెట్ మీద చరిచింది. సర్వేయరు కావాలనే మొహం వేలాడేసుకుని, "పోనీలేవోయ్, నీ మాటే మాట. ఇచ్చేసి పోదాం పద" అన్నాడు.

"మీరూరుకోండి, మీకేం తెలీదు!" కసిరింది. "చేతిలో ఉన్నదాన్ని ఎవడో ఎగరేసుకుపోతుంటే గుడ్లప్పగించి చూస్తామా? రేకులు మార్పిస్తే సరి. మా అన్నయ్యకి నేను చెప్పుకుంటాలెండి." చెంగు దోపుకుని ఎక్కి కూర్చుంది. ఈసారి కాళ్ళు సీటు మీద పెట్టుకోలేదు, కంతకి అటొకటీ ఇటొకటీ వేసింది.

సర్వేయరుకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కాగితాల వంకతో అమ్మినవాణ్ణి షెడ్డు లోపలికి లాక్కెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. "భలే రక్తి కట్టించావయ్యా! అవునూ, నేను చెప్పింది డాక్టరు కదా, ఎస్టేట్ ఆయన్ని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావ్?"

అమ్మినవాడు బయటికి ఒకసారి తొంగి చూసి గొంతు తగ్గించాడు.

"ఆయన మీ డాక్టరు కంటే గంట ముందే పుట్టాడు సార్. 'మా ఆయన ముచ్చట తీరాలి, నా మాటా పోకూడదు' అని మేడమ్ ఫోన్ చేసి చెప్పమన్న మనిషి ఆయన."