చేతికర్ర చప్పుడు

గోదావరిఖని, ఆదివారం

జూహీ బిడ్డా,

మా పెరట్ల నువ్వు పాతిన భూకంపాలు కొలిచే డబ్బాలో రోజూ పొద్దుగాల అయిదింటికి పడే చప్పుడు రోకలిదన్నవు. తప్పు. ఈ కాలంలో ఎవరు దంచుతున్నరే? అది మా ముసలాయన అంద్రెయ చేతికర్ర. రిటైరై పదకొండేండ్లయినా బొగ్గుబాయిల ఫస్టు షిఫ్టుకు పోయేటోని లెక్క లేచి నల్లా దాకా నడిచేటోడు.

"ఈ నెల ఆ చప్పుడు మరీ గట్టిగైంది టీచర్, జర ఆపుమనుండ్రి" అన్నవు. నేను నవ్విన గాని, ఎందుకు గట్టిగైందో చూడలేదు. కర్ర కింది రబ్బరు అరిగి ఇనుము తేలింది.

భూమి లోపలి పగులు దగ్గర రాళ్ళకు పట్టు ఎంత మిగిలిందో డబ్బా గీతలు చూసి లెక్క కడుతవు. ఎనిమిదో తరగతిల నీకు ఘర్షణ పాఠం చెప్పింది నేనే. నా ఇంట్ల కర్రకు పట్టు పోయిన సంగతి నీ డబ్బా నెలరోజులు చెప్పింది.

మంగళవారం తడి బండ మీద కర్ర జారింది. తల నల్లా గద్దెకు తగిలింది. బుధవారం సమాధి చేసినం. శుక్రవారం "చప్పుడు ఆగింది, రికార్డు శుభ్రంగున్నది, థాంక్స్ టీచర్" అని నువ్వు మెసేజ్ పెట్టినవు. ఫికర్ చెయ్యకు, నీకు ఎవరూ చెప్పలేదు.

పాత చప్పుళ్ళు మాత్రం చెరపకు. రేపటి సంది అయిదింటికి మళ్ళ పడుతయి. నా మోకాళ్ళు కూడా పోయినయి, కర్ర ఖాళీగున్నది.

ఈ కార్డు మూలకు కర్రను నిలబెట్టి చుట్టూ పెన్సిలుతో గీసిన. వచ్చేటప్పుడు మందుల షాపుల చూపించి, ఆ కొలతకు రబ్బరు ఒకటి తీసుకరా.

– మీ టీచర్