రాతిలో చిల్లు

“బాబాయ్, చిల్లు పడింది!”

కొత్తమ్మాయి కేక వేసింది. నలభై దగ్గరపడుతున్నా ఆ ల్యాబులో అందరికంటే ఆలస్యంగా చేరింది కనుక ఆమె కొత్తమ్మాయే. రాతిని పల్చన చేసే మెషిన్ ఆపి, ముక్కని తీసి మామూలు మైక్రోస్కోపు కింద పెట్టింది. సందేహం లేదు. ఈగ రెక్కలా పల్చబడ్డ రాతి పలక నడిమధ్య, సూదిమొనతో పొడిచినట్టు ఓ వెలుతురు చుక్క.

పక్క గదిలో ప్రెస్సు తుడుస్తున్న బాబాయి పరుగున వచ్చాడు. భూమి లోతుల్లో ఉండేంత ఒత్తిడి పెట్టి, ముగ్గులాంటి పొడిని రాయిగా మార్చే ప్రెస్సు అది. అందుకే ఆయన అందరికీ ప్రెస్సు బాబాయి.

“కొంప మునిగింది!” అన్నాడు మైక్రోస్కోపుకి కన్ను ఆనించి. “నా ప్రెస్సు పళ్ళు బిగించి కన్న బిడ్డ తల్లీ ఇది! చిల్లు పెట్టేశావా?”

“చేత్తో అరగదీసినంతసేపూ ఎంత జాగ్రత్తగా చేశానో మీరూ చూశారుగా! ఇంకా పల్చన కావాలని మేడమే ఈ మెషిన్లో పెట్టారు. ‘వెలుతురు కనిపించగానే ఆపెయ్’ అని మీటింగుకి వెళ్ళిపోయారు. ఆపేశాను. అయినా పడింది.”

“చిల్లు పెట్టావో, నా కంటికి కనబడకు అనలేదూ ఆవిడ?”

“అది మొన్న, అరగదీసేటప్పుడు అన్నారు.”

“ఎప్పుడంటే ఏమిటి? చిల్లు చిల్లే. నీకు ముందు ఇక్కడ పనిచేసిన పిల్లదీ ఇదే కథ. చిల్లు పడింది, సాయంత్రానికి ఇంటికెళ్ళింది.”

కొత్తమ్మాయి గోడ గడియారం వైపు చూసింది. ఆమెను ఉంచేదీ పంపేదీ ఈ సాయంత్రమే చెబుతానన్నారు మేడం. పొద్దున అత్తగారు పాపకి జడ వేస్తూ, “ఇల్లు నాకొదిలెయ్. నువ్వు మాత్రం ఆ ఉద్యోగం వదలకు” అని మరీ పంపింది.

బాబాయి గొంతు తగ్గించాడు. “డబ్బాలో ఇదే రాయి ఇంకో ముక్క ఉందిగా, నువ్వు అరగదీసిందే. చిల్లు లేదు, మచ్చ లేదు. దీని బదులు అది పెట్టెయ్. దీన్ని ఉఫ్‌మని ఊదెయ్. దేవుడు దిగొచ్చి వెతికినా దొరకదు.”

ఆమె ముక్కని పట్టకారుతో అంచున పట్టి ఎత్తింది. నిజమే, ఒక్క ఊపిరి చాలు. పెదవుల దాకా తెచ్చింది. ఇన్నాళ్ళూ ఊపిరి బిగబట్టి అరగదీసింది దీన్నే. అదే ఊపిరితో ఊదెయ్యడమా? ముక్కని మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టేసింది.

“వద్దు బాబాయ్. చిల్లు పెట్టానంటే మా అత్తయ్య నాలుగు తిట్టి ఊరుకుంటుంది. దాచానంటే గడప తొక్కనివ్వదు.”

“నీ ఖర్మ” అన్నాడు బాబాయి.

అంతలో తలుపు తోసుకుని మేడం వచ్చింది.

“చిల్లు పడింది మేడం!” గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది కొత్తమ్మాయి.

మేడం బ్యాగు కుర్చీలో పడేసి మైక్రోస్కోపు మీదికి వంగింది. ఎంతకీ తల ఎత్తదు. బాబాయి మెల్లిగా గుమ్మం వైపు జరిగాడు.

“రేపట్నుంచి...” అంది మేడం, కన్ను తియ్యకుండానే.

“రానక్కర్లేదా మేడం?”

“పెందలాడే రా. ఉద్యోగం ఖాయం. మిగతా ముక్కలకీ ఇలాంటి చిల్లే పెట్టాలి.”

“పెట్టాలా?” అంది కొత్తమ్మాయి.

“చేత్తో అరగదీసేటప్పుడు పడితే ముక్క పగులుతుంది. ఈ మెషిన్లో మాత్రం పడాలి. ఎలక్ట్రాన్లు దూరేంత పల్చదనం ఆ చిల్లు అంచునే దొరుకుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మనం చూసేది అక్కడే. చెప్పలేదూ నీకు?”

“లేదు మేడం. మరి... ముందున్న అమ్మాయిని చిల్లు పెట్టిందనేగా పంపేశారు?”

“చిల్లు పెట్టినందుకా? బంగారంలాంటి చిల్లు పడ్డ ముక్కని ఊదేసి, చిల్లు లేనిది తెచ్చి నా చేతిలో పెట్టింది మహాతల్లి! అంత తెలివి దాని సొంతం కాదులే. ఎవరిచ్చారో గానీ ఆ సలహా!”

గుమ్మం దగ్గర బాబాయి లేడు. పక్క గదిలోంచి, ఇందాక తుడిచిన ప్రెస్సునే మళ్ళీ మొదట్నుంచీ తుడుస్తున్న చప్పుడు వినిపించింది.