చేసిన చేతికి

ఓడలు కట్టే యార్డులో నిచ్చెన దిగుతూ సిగ్ముండ్ కళ్ళు తిరిగి తూలాడు.

కింద నుంచి ఐలిఫ్ భుజం ఆనించకపోతే, కడుతున్న ఓడ పక్కనే పచ్చడి అయ్యేవాడు.

మేస్త్రీ హోకన్ చూడనే చూశాడు.

"ఇంకోసారి ఇట్లా తూలావంటే ఇంటికి పంపించేస్తా. నీ శవాన్ని మోసే ఓపిక నాకు లేదు."

"కాలు జారింది, అంతే."

కాలు జారలేదు. ముందు రోజు నుంచి కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు. పెళ్ళాం వదిలి వెళ్ళిపోయాక సిగ్ముండ్ సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగించడం మానేశాడు. ఒక్కడి కోసం బంగాళాదుంపలు ఉడకేసుకోవడమేమిటని! రొట్టె కోసి, వెన్న రాసి, కాగితంలో చుట్టి పనికి తెచ్చుకోవడమూ మానేశాడు. ఇక ఈ పని కూడా పోతే పొద్దున్నే మంచం దిగడానికి అతనికి ఇంకో కారణం లేదు.

మధ్యాహ్నం రేకుల గదిలో అందరూ పొట్లాలు విప్పారు. సిగ్ముండ్ కాఫీ పోసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అక్కడ ఒకరి పొట్లంలోకి ఇంకొకరు తొంగిచూడరు. పెట్టమని అడగరు, తినమని బతిమాలరు. ఎవడి రొట్టె వాడిది.

అందుకే పక్కనున్న ఐలిఫ్ సణగడం మొదలుపెట్టేసరికి అందరూ తలలెత్తారు. వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చిన వెల్డరు అతను. పెద్దవాడు. నోట్లోంచి మాట ఊడిపడడమే గగనం.

"చూడు మా బోర్గిల్ పని! ఎద్దుకి సరిపోయేంత ఉంది ఇక్కడ. మిగిల్చి పట్టుకెళ్ళానంటే ఇల్లు పీకి పందిరేస్తుంది."

"దార్లో పడెయ్యరాదూ?" అన్నాడు సిగ్ముండ్.

"రొట్టె పడేయడమా! ఎంత మాటన్నావురా! రెండు ముక్కలు తిని నన్ను గట్టెక్కించు."

ఎవరైనా జాలిపడి పెడితే సిగ్ముండ్ చచ్చినా ముట్టేవాడు కాదు. ఇది జాలి కాదు. ఇంటావిడ తిట్ల నుంచి సాటి మగాణ్ణి కాపాడడం. తిన్నాడు. గోధుమరంగు చీజు తియ్యగా నాలుక్కి అంటుకుంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఏం పెద్దాయనా, తగ్గించమని ఇవాళ కూడా చెప్పలేకపోయావా?"

"నువ్వొచ్చి చెప్పు, తెలుస్తుంది."

"బయట పులివి, ఇంట్లో పిల్లివన్నమాట!"

గదంతా నవ్వింది. ఐలిఫ్ కూడా నవ్వాడు. ముక్కల మధ్యనున్న కాగితాలు సాపు చేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కాగితాలకి కూడా లెక్క చెప్పాలా ఆవిడకి?"

"మరి!"

అప్పటినుంచి యార్డులో ఐలిఫ్ అంటే అందరికీ చులకనే.

ఒకరోజు లివరు ముద్ద రాసిన ముక్క మీద ఊరబెట్టిన దోసకాయ కనిపించింది. సిగ్ముండ్ దాన్ని వేలితో పక్కకి తోశాడు.

"దోసకాయ నాకు పడదని చెప్పు ఆవిడకి."

మర్నాడు సిగ్ముండ్ ముక్కల మీద దోసకాయ లేదు.

"ఎంత మంచి మనిషి! అలాంటి భార్యకి నువ్వు తగవు, పెద్దాయనా."

"అవును," అన్నాడు ఐలిఫ్ కాఫీ ఊదుకుంటూ.

తిని లేచేటప్పుడు 'తిండికి థాంక్స్' అనకపోతే చిన్నప్పుడు సిగ్ముండ్‌ని వాళ్ళమ్మ కుర్చీ దిగనిచ్చేది కాదు. ఆ మాట చేసిన చేతికి చెప్పాలి. మోసుకొచ్చినవాడికి కాదు. కాబట్టి ఐలిఫ్‌కి ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని బోర్గిల్ కోసం అట్టేపెట్టుకున్నాడు.

క్రిస్మస్‌కి అక్కడ అందరూ ఇచ్చుకునే బాదం మిఠాయి పందిబొమ్మని రిబ్బను కట్టి తెచ్చి ఐలిఫ్ చేతిలో పెట్టాడు.

"నీకు కాదు, ఆవిడకి."

ఐలిఫ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇస్తాలే."

వసంతానికి సిగ్ముండ్ నిచ్చెన మీద నిబ్బరంగా నిలబడ్డాడు. హోకన్ అతన్ని ఓడ స్తంభం మీదికి కూడా ఎక్కించాడు. నాలుగింటికి సిగ్ముండ్ ఇంట్లో మళ్ళీ దుంపలు ఉడుకుతున్నాయి.

"గురువారం దుంపల ఉండలు చేస్తున్నా. ఇద్దరూ రండి. ఆవిడకి ఒక మాట బాకీ ఉన్నాను."

"అది పొయ్యి పక్కనుంచి కదలదురా. బలవంతపెడితే రక్కుతుంది."

ఈసారి హోకన్ కూడా పడి పడి నవ్వాడు.

ఆ గురువారం ఐలిఫ్ పనికి రాలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. మధ్యాహ్నం సిగ్ముండ్ పక్క కుర్చీ వైపు చూసి, కాఫీ కూడా తాగలేక బయటికి వెళ్ళిపోయాడు. చాలా దిగులేసింది.

చర్చిలో కార్యం అయ్యాక పక్క హాల్లో కాఫీ, రొట్టెముక్కలు పెట్టారు. సిగ్ముండ్ ఒక ముక్క తీసుకుని, అలవాటుగా దోసకాయని పళ్ళెం అంచుకి నెట్టి, నల్లబట్టల ఆడవాళ్ళందరిలో బోర్గిల్ కోసం వెతికాడు. ఇన్నాళ్ళ మాట ఇవాళైనా చెప్పాలి.

కాఫీ పోస్తున్న ముసలామె ఐలిఫ్ అక్క ఓస్లౌగ్ అని ఎవరో చెప్పారు.

"అమ్మా, బోర్గిల్ గారెక్కడ? తిండికి థాంక్స్ చెప్పాలి."

ఓస్లౌగ్ అతని పళ్ళెంలోకి చూసింది. కెటిల్ కింద పెట్టింది.

"దోసకాయ పడనివాడివి నువ్వేనా?"

"ఆవిడ చెప్పారా?"

"బోర్గిల్ వాడి పిల్లి, నాయనా," అందామె. "పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, తెల్లారకముందే లేచి నీకని ఆ ముక్కలు కోసింది మా తమ్ముడే."