తిట్టు అడిగిన గేదె

మా ఊరి పోలమ్మ గేదె పూటకు పన్నెండు లీటర్ల పాలిస్తుంది. కొలవడానికి మీరు రానక్కరలేదు. మనుషులు తిడితే గేదెలు ఎలా వింటాయని పదేళ్లు పరిశోధించిన శాస్త్రవేత్తలను చూసి లోకమంతా నవ్వింది గాని, వాళ్ల పుణ్యమా అని ఇప్పుడు ప్రతి గేదె మెడలోనూ దాని మనసు చెప్పే గంట ఉంది.

పోలమ్మ మొగుడు అప్పన్నకు పక్షవాతంతో మాట పడిపోయింది. ఆ మర్నాటి నుంచి గేదె చుక్క పాలివ్వలేదు, దాని గంటా పలకలేదు. ఐదు రోజులు చూసి, సంతకు తోలేద్దామని పోలమ్మ అంటే, మంచంలోని అప్పన్న కళ్ల నిండా నీళ్లు.

చివరిసారిగా ఆమె పొదుగు కడిగి, "మా తల్లివి కదా, ఇయ్యమ్మా" అని బతిమాలింది.

"తిట్టు ఏదీ?" అని గంట పలికింది.

"ఏటి తిట్టు?"

"ఆయన రోజూ తిట్టేవాడు కదా."

పాలు పితికేటప్పుడు అప్పన్న గేదెను రోజూ తిట్టే తిట్టు ఒకటుంది. నలభై ఏళ్ల కాపురంలో పోలమ్మ నోట ఏ తిట్టూ రాలేదు. మంచం వైపు చూసి సిగ్గుపడి, గొంతు లావు చేసుకుంది.

"ఏటే దొంగమొకమా, ఎవులికోసం దాస్తన్నావు?"

గేదె చెవులాడించింది. చెంబులో పాలధార మోగింది. మంచం మీద అప్పన్న, గొంతు రాకపోయినా, భుజాలు కదిలేలా నవ్వాడు.

"నీకేటి నవ్వు? నువ్వు నేర్పిందే గదా" అంది పోలమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

పన్నెండు లీటర్లన్నది నేను కల్పించాను. ఆ పూట వచ్చింది చెంబుడే. నవ్వు మాత్రం కల్పించలేదు.