ఆగకుండా విన్న పాఠం

“ఇంకోసారి అనండి, డాక్టర్ గారూ. నేను స్పష్టంగా వినాలి,” అంది ఎర్సిలియా.

విశ్వవిద్యాలయ దూరవిద్యా విభాగం డైరెక్టర్ ఆర్సేసియో విల్యాకిరాన్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నగరం నుంచి కొలంబియా పసిఫిక్ తీరానికి విమానంలోనూ, అక్కణ్ణుంచి ఈ ఊరికి పడవలోనూ వచ్చేసరికి ఆయన తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

“దానికేముంది, దోన్యా ఎర్సిలియా! ఊరూరా కూర్చుని పాఠం చెప్పే ట్యూటర్ల కాలం అయిపోయింది. మిమ్మల్ని తీసేసి ఏడాదైంది. వీళ్ల మార్కులు తగ్గాయా? పెరిగాయి! మా వీడియో పాఠాల మహిమ అది.”

చావడిలో బల్లల మీద ఉన్న విద్యార్థులు తలలు దించుకున్నారు. చేపలు పట్టేవాళ్లు, మంత్రసానులు, పడవ నడిపేవాళ్లు. వచ్చే నెల చివరి పరీక్ష గట్టెక్కితే, టీచర్లు లేక మూతపడిన నదీతీరపు బడులను తిరిగి తెరిచేది వీళ్లే. అయితే వీడియో పాఠాల్లో ఏ ఒక్కటి పూర్తిగా వినకపోయినా ఆ పరీక్షకు అర్హత లేదని విశ్వవిద్యాలయం నియమం పెట్టింది.

“మహిమ,” అంది ఎర్సిలియా, ఆ మాటను అన్నంలో రాయిలా ఏరి పక్కన పెడుతూ.

“అనుమానముంటే ఇదిగో,” డైరెక్టర్ తన ట్యాబ్ తెరిచాడు. “ఈ ఊళ్లో అందరూ ప్రతి పాఠాన్నీ మొదటి నుంచి చివరిదాకా విన్నారు. మధ్యలో ఒక్కరూ ఆపలేదు. ఒక్కరూ వెనక్కి తిప్పి మళ్లీ వినలేదు.”

“గణాంకశాస్త్రం కూడానా?”

“అది కూడా! అంత తేటగా చెప్పించాం.”

“చర్చిలో పాదిరీ మాట్లాడుతున్నా జనం దగ్గుతారు, డాక్టర్ గారూ. గణాంకశాస్త్రం వింటూ ఒక్కరికీ సందేహం రాలేదంటే మీకు వింతగా తోచలేదా? పాఠమంటే చెప్పుకుంటూ పోవడం కాదు, ఎదుటివాడి కనుబొమ ముడిపడ్డప్పుడు ఆగడం. మీ వీడియో ఎవరి ముఖం చూసి ఆగుతుంది? అసలు ఎదురుగా ఎవరున్నారో దానికి…”

“వీడియోలే మేలు, డాక్టర్ గారూ!” ముందు బల్ల మీంచి యహైరా గబుక్కున లేచింది. ఎర్సిలియా చేతిలో అక్షరాలు దిద్దిన మనిషి ఆమె; ఊళ్లో టీచరమ్మను అందరూ పిలిచినట్టే ‘సెన్యో’ అని పిలుస్తుంది. “తప్పు చెప్తే సెన్యో తిడుతుంది. వీడియో తిట్టదు.”

చావడి అంతా గొల్లున నవ్వింది. ఎర్సిలియా యహైరా వంక చాలాసేపు చూసింది. ఆ తరువాత, నోటిదాకా వచ్చిన వాక్యాన్ని మింగేసింది.

“మీ శిష్యురాలి మాటే విన్నారుగా!” అన్నాడు డైరెక్టర్. “మా నగరంలో కుర్రాళ్లు తరగతిలో కూడా ఫోన్ వదలరు. ఇక్కడికి వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను, ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు. క్రమశిక్షణంటే అదీ!” అంటూ తన ఫోన్ అటూ ఇటూ తిప్పాడు. “సిగ్నల్ ఏదీ?”

“కొండెక్కాలండి,” అన్నాడు పడవ నడిపే ఎలాదియో. “వీడియో అక్కడే వస్తుంది. శనివారం శనివారం ఎక్కుతాం.”

“చదువు కోసం కొండెక్కుతున్నారా!” డైరెక్టర్ ఫోన్‌లో కెమెరా తెరిచాడు. “ఆ చోటు నేను చూడాలి. ఫోటో తీయాలి. పదండి!”

ఎవరూ కదల్లేదు.

“నిన్నంతా వానండి. మోకాల్లోతు బురద,” అన్నాడు ఎలాదియో. “తడి ఆకుల కింద పాములు కూడానూ.”

డైరెక్టర్ తన బూట్ల వంక చూసుకున్నాడు. బూట్లే గెలిచాయి.

“ఇవాళా శనివారమే కదా. నా వల్ల మీ పాఠం పోయినట్టుందే?”

“దాని గురించి దిగులు పడకండి, డాక్టర్ గారూ,” అంది యహైరా. “అదీ అయిపోతుంది.”

వేయించిన చేప, అరటికాయ ముక్కలు తిని, బొరోహో పండ్ల రసం తాగి, ఆయన ప్రకటించాడు: “ఇక మీ ఊరే నమూనా. వచ్చే ఏడాది ఈ నది పొడవునా ట్యూటర్లను తీసేసి ఇదే పద్ధతి పెడతాం.”

“నా జీతం కోసం అడగడం లేదు,” అంది ఎర్సిలియా. “అడిగితే జవాబు చెప్పడానికి ఊరికొక మనిషిని ఉంచండి. అంతే.”

“అది పాత పద్ధతి, దోన్యా ఎర్సిలియా. మీరిక విశ్రాంతి తీసుకోండి.”

పడవ మలుపు తిరిగి, మోటారు చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఎవరూ నోరు విప్పలేదు.

“ఏమే, నేను తిడతానా?” అంది ఎర్సిలియా.

“తిట్టకుండా ఉన్నదెప్పుడు, సెన్యో?” యహైరా గుండెల మీద చెయ్యి వేసుకుంది. “మీరు ఎక్కడ చెప్పేస్తారోనని నా ప్రాణం పోయింది.”

“చెప్పేదాన్నే. మీ పరీక్ష గుర్తొచ్చి ఆగాను.”

“మరి మిగతా ఊళ్లవాళ్ల గతి?”

ఎర్సిలియా గోడకు తిప్పి ఉన్న నల్లబల్లను ఇటు తిప్పింది. పోయిన శనివారం ఆమె చెప్పిన లెక్క దాని మీద సగంలో ఉంది. సుద్దముక్క ఆమె వేళ్ల మధ్య పుటుక్కున విరిగింది.

“వాళ్లకూ కొండలున్నాయి,” అంది.

పైన కొండ మీద, చెట్టుకు వేలాడదీసిన ఫోన్లు శ్రద్ధగా వీడియో వింటున్నాయి.