ఉప్పు గ్లాసు, చక్కెర గ్లాసు

మేడమీద గదిలో అద్దెకున్న పెద్దావిడ నీళ్లగ్లాసుల్లో కరెంటు తీగలు ముంచుతోందట. ఏదో ఒకరోజు ఇల్లంతా తగలబడుతుందట. పక్కింటావిడ పిట్టగోడ మీంచి కళ్లారా చూసిందట.

అది విన్న ఇంటావిడ చూసి రమ్మని కూతుర్ని పంపింది.

ఆ పిల్ల కెమిస్ట్రీలో రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్ష పదిరోజుల్లో ఉంది. ఈసారీ పోతే చదువు మాన్పిస్తానని తల్లి తెగేసి చెప్పింది.

మేడమీద రెండు గ్లాసులు, టార్చి బ్యాటరీలు, కందిగింజంత బల్బు. పెద్దావిడ ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని దానికి పాఠం చెబుతోంది.

పిల్లని చూసి సిగ్గుపడింది. ఆ కుర్చీలోనే కూర్చోమంది.

తీగలు ఉప్పునీళ్లలో ముంచితే బల్బు వెలిగింది. చక్కెరనీళ్లలో ముంచితే వెలగలేదు.

“ఎందుకంటావ్?”

పిల్ల రెండు గ్లాసుల్లోకీ తొంగిచూసింది.

“ఉప్పులో సోడియం ఎలక్ట్రాన్ ఇచ్చేసింది, క్లోరిన్ పుచ్చుకుంది. అది అయానిక బంధం. నీళ్లలో పడగానే ఎవరి దారి వాళ్లది, కరెంటు మోసుకుంటూ పోతారు. చక్కెరలో ఇచ్చిపుచ్చుకోవడాల్లేవు తల్లీ, ఎలక్ట్రాన్లు పొత్తులో పెట్టుకున్నారు. అది సమయోజనీయ బంధం. కరిగినా అణువు విడిపోదు. ఇక మోసేదెవరు?”

రెండేళ్లుగా బుర్రకెక్కనిది రెండు గ్లాసులతో ఎక్కింది. రోజూ సాయంత్రం పైకెళ్లడం మొదలుపెట్టింది.

అవి బ్యాటరీలేనని తల్లికి చెప్పింది. పక్కింటావిడ మాట ముందు పిల్ల మాట ఆనలేదు. పైగా, పరీక్ష పెట్టుకుని ఆవిడతో కబుర్లేమిటని చివాట్లు.

కూతురు పరీక్షకి వెళ్లిన పూటే తల్లి పెద్దావిడని గది ఖాళీ చేయమంది.

పెద్దావిడ, పాప హాల్‌టికెట్ మర్చిపోకుండా పట్టుకెళ్లిందా అని మాత్రం అడిగి, రేకుపెట్టెతో మెట్లు దిగింది.

కూతురు ఎగురుకుంటూ వచ్చింది. ఆ ప్రశ్నే పడింది, మొత్తం రాసింది. రెండేసి మెట్లెక్కి పైకెళ్లింది. ఒక్కో మెట్టూ దిగి వచ్చింది.

“బాగా రాశానని ఎవరికి చెప్పనమ్మా?”

తల్లి మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని, అద్దెకు దిగేటప్పుడు పెద్దావిడ పనిచేశానన్న కాలేజీకి వెళ్లింది. గుర్తులన్నీ చెప్పి, రిటైరైన ఆ కెమిస్ట్రీ మేడమ్ ఎక్కడుంటారో చెప్పమని బతిమాలింది.

లెక్చరరు చేతిలో పుస్తకం మూశాడు.

“మేడమ్ కాదండీ. ముప్పై ఏళ్లు మా ల్యాబులో గాజుసామాను కడిగింది. అక్షరమ్ముక్క రాదు. విన్న పాఠం మాకే అప్పజెప్పబోయేది, మేం నవ్వి పొమ్మనేవాళ్లం.”