అభ్యంతరాలు లేవు

సముద్రంలో గాలిమరలు పెట్టేముందు ఊరివాళ్ళ అభిప్రాయం వినడానికి ప్రభుత్వం పంపిన అధికారి ఎవరనుకున్నారు, మా అమ్మాయి ఇంద్రజే. హైస్కూలు ఆవరణలో షామియానా కింద, మైకు ముందు, మా అరుగు మీద పాకిన పిల్ల కూర్చుంటే నేను ఆనందం పట్టలేకపోయాను. ముందువాణ్ణీ వెనకవాణ్ణీ తట్టి మరీ "మా అమ్మాయండి" అని చెప్పాను.

"మీ అభ్యంతరాలు ఏమున్నా చెప్పండి. రాసుకోవడానికే వచ్చాను," అంది ఇంద్రజ.

పడవల సంఘం పెద్ద ఓలేటి నూకరాజు మడతపెట్టిన కాగితంతో లేచాడు. నావైపు చూసి దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

"అమ్మాయిగారు మా ఊరి ఆడపడుచండి. ఆవిడ ఎలా చెబితే అలాగేనండి."

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నేను కొట్టాను.

జీపు ఎక్కబోతూ ఇంద్రజ నన్ను పక్కకి పిలిచింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఆ మరలు సరిగ్గా పడవలు వేటకెళ్ళే దారిలో వస్తాయి నాన్నా. ఒక్కరు వద్దన్నా చాలు, వాటిని పక్కకి జరపమని రాసేదాన్ని. ఇప్పుడు అభ్యంతరాలు లేవని రాయాలి. నేనంటే భయమా వీళ్ళకి?"

"భయం కాదమ్మా, మర్యాద."

ముందురోజు కాజాల పొట్లాలు పట్టుకుని పడవలవాళ్ళ ఇంటింటికీ తిరిగి, "మా పిల్ల మాటకి ఎదురు చెప్పకండి బాబూ" అని గెడ్డం పట్టుకుని బతిమాలింది నేనే. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేసరికి, వెళ్ళొస్తానని ఆమె నా పాదాలకి వంగింది.

నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.